భుజం గుమ్మానికి తగులుతుంటే: పెద్దవాళ్ల కళ్ల గురించి మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కళ్ల గురించే. రాసినవాళ్లు కూడా చాలావరకు తమ కళ్ల గురించి కాకుండా అమ్మ, నాన్న, అత్తగారు, అమ్మమ్మల కళ్ల గురించి రాశారు. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఎక్కడో ఒకచోట "వయసు కదా అనుకున్నాం" అనే మాట ఉంది. ఆ మాట చదివినప్పుడల్లా కళ్ల డాక్టర్‌గా నాకు టెన్షన్‌గా ఉంటుంది. అరవై దాటినవాళ్లకు చూపు తగ్గడానికి నాలుగైదు కారణాలు ఉంటే, వాటిలో ఒకటి మూడు నెలలు ఆగినా మామూలుగా ఏమీ కాదు, ఒకటి మూడు వారాలు ఆగితే పోయిన చూపు మళ్లీ రాకపోవచ్చు, ఇంకొకటి అసలు ఏ బాధా లేకుండానే ఏళ్ల తరబడి లోపల తినేస్తూ ఉంటుంది. ఏది ఏమిటో ఇంట్లో కూర్చుని తేల్చలేం గానీ, మొదట అనుమానం రావలసింది మాత్రం ఇంట్లోవాళ్లకే.

ప్రశ్న: మా బాపుకు 68 ఏళ్లు, వ్యవసాయం చేస్తాడు. ఏడాదిగా చూపు మసక. డాక్టర్ రెండు కళ్లలో మోతిబిందు ఉంది, ఆపరేషన్ చేయించుకోమన్నారు. బాపు మాత్రం "ఇంకా పండలే, పండినంక చలికాలంల చేయించుకుంట" అంటున్నాడు. ఊళ్లో ఒకాయన శుక్లం కరిగే చుక్కలని సీసా ఇస్తే అవి వేసుకుంటున్నాడు. నిజంగా కరుగుతుందా?
ఒక కూతురు, జగిత్యాల జిల్లా

జవాబు: కరగదమ్మా. ఏ చుక్కలతోనూ కరగదు. కంటిపాప వెనక ఉండే లెన్స్ పుట్టినప్పుడు గాజులా తేటగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అందులోని ప్రొటీన్లు ముద్దకట్టి మసకబారతాయి. ఉడికిన గుడ్డులోని తెల్లసొనను మళ్లీ పచ్చిగా మార్చలేం కదా, ఇదీ అంతే. మీరు మోతిబిందు అన్నా, కోస్తాలో శుక్లం అన్నా, మా అమ్మమ్మ తరం పొర అన్నా అదొక్కటే. పొర అనే మాట వల్ల చాలామంది కంటిపైన ఏదో కప్పుకుంది, గీకితే పోతుంది అనుకుంటారు. అది పైన లేదు, లోపల ఉన్న లెన్సే మసకబారింది.

ఇక పండటం గురించి. బాపు ఊరికే అనడం లేదు, ఒకప్పుడు డాక్టర్లు కూడా అదే చెప్పేవాళ్లు. ఆ రోజుల్లో పెద్ద కోత పెట్టి లెన్స్ మొత్తం బయటికి తీసేసేవాళ్లు, దాని బదులు లోపల పెట్టడానికి ఏమీ ఉండేది కాదు, కుట్లు మానేదాకా రోజుల తరబడి కదలకుండా పడుకోవాలి, ఆ తర్వాత జీవితాంతం సోడాబుడ్డి కళ్లద్దాలే. అంత కష్టం ఉన్నప్పుడు చూపు దాదాపు పోయేదాకా ఆగడంలో అర్థం ఉంది. చెమటకు కట్టు తడిసి చీము పడుతుందనే భయంతో చలికాలం దాకా ఆగమనేవాళ్లు. ఇప్పుడు ఆ రెండు కారణాలూ లేవు. ఫేకో పద్ధతిలో రెండు మూడు మిల్లీమీటర్ల కోత చాలు, అల్ట్రాసౌండ్‌తో మసకబారిన లెన్స్‌ను ముక్కలు చేసి పీల్చేసి, దాని సంచిలోనే మడతపెట్టిన కొత్త లెన్స్ పెడతారు, అది లోపలికి వెళ్లాక విచ్చుకుంటుంది. మామూలుగా కుట్లు ఉండవు. ఎక్కువమందికి మత్తు చుక్కలతోనే అయిపోతుంది, చాలా ఆపరేషన్లు అరగంట లోపే పూర్తవుతాయి, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. మే నెలలో చేయించుకున్నా తేడా లేదు.

పైగా ఇప్పుడు పండబెట్టడమే ప్రమాదం. బాగా ముదిరిన శుక్లం గోధుమ రంగులోకి తిరిగి రాయిలా గట్టిపడుతుంది, దాన్ని పగలగొట్టడానికి ఎక్కువ శక్తి వాడాలి, దాంతో కంటి ముందున్న కార్నియా దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. కొందరిలో ముదిరిన లెన్స్ ఉబ్బి కంట్లో ప్రెషర్ పెంచేస్తుంది, కొందరిలో అదే చితికి లోపలికి కారుతుంది. అలా ఎర్రబడిన కన్నుతో, భరించలేని నొప్పితో అర్ధరాత్రి వచ్చినవాళ్లను నేను చూశాను, అందరికీ చూపు దక్కలేదు.

మరి ఎప్పుడు చేయించుకోవాలి? బాపు పనికి అడ్డం వచ్చినప్పుడు. పొద్దుగూకాక పొలం నుంచి వచ్చేటప్పుడు ఎదురొచ్చే బండి లైటు కళ్లలో చిట్లినట్టు అవుతోందా, మందు డబ్బా మీద అక్షరాలు కనపడటం లేదా, కళ్లద్దాల నంబరు ఏడాదికి రెండుసార్లు మార్చినా సరిపోవడం లేదా, అడగండి. ఇంకో గుర్తు చెబుతాను, దీన్ని చూసి చాలామంది సంతోషపడతారు. పదేళ్లుగా చత్వారం అద్దాలు లేకుండా పేపరు చదవలేని మనిషి ఉన్నట్టుండి అద్దాలు తీసేసి చదవడం మొదలుపెడతాడు. కళ్లు బాగుపడ్డాయనుకుంటారు. లెన్స్ మధ్యభాగం గట్టిపడటం వల్ల దగ్గర చూపు కొంతకాలం అలా తేలికవుతుంది, దూరపు చూపు మాత్రం తగ్గుతూనే ఉంటుంది.

ఆపరేషన్‌కు ముందు రెండు విషయాలు డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. మూత్రం ఇబ్బందికి, అంటే ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ లాంటి మాత్రలు వాడుతున్నాడా అన్నది ఒకటి. ఆ మందు వాడినవాళ్లలో కంటిపాప చుట్టూ ఉండే కండ మెత్తబడి ఆపరేషన్ మధ్యలో వదులుగా ఊగుతుంది, ముందే తెలిస్తే జాగ్రత్త పడతారు. గుండెకు రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతున్నాడా అన్నది రెండోది. అయితే వాటిని మీ అంతట మీరు ఆపకండి. తర్వాత కొన్ని వారాలు చుక్కలు వేయాలి, కన్ను నలపకూడదు, తలస్నానం, పొలం దుమ్ము కొద్ది రోజులు వద్దు. పప్పు తినకూడదు, చింతపండు తినకూడదు లాంటి పథ్యాలు ఏమీ లేవు. చూపు మెరుగుపడుతూ పోవాలి. ఒకవేళ రెండో రోజో ఐదో రోజో నొప్పి పెరిగి, ఎర్రబడి, చూపు తగ్గుతుంటే అది లోపల ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అరుదే గానీ, వస్తే గంటలు లెక్కపెట్టుకోవాల్సిన విషయం, తెల్లారేదాకా కూడా ఆగొద్దు.

ఆ సీసా సంగతి. అందులో ఏముందో తెలియదు కాబట్టి ఈరోజే ఆపించండి. కిందటి ఏడాది ఒక పేషెంట్ దగ్గర ఇలాంటిదే చూశాను, అది స్టెరాయిడ్ చుక్కలు. వేసుకోగానే ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది కాబట్టి మనిషి నమ్ముతాడు, నెలల తరబడి వాడితే అదే శుక్లాన్ని పెంచుతుంది, కొందరికి నీటికాసులు (గ్లాకోమా), అంటే కంట్లో ప్రెషర్ పెరిగి నరం దెబ్బతినే జబ్బు కూడా తెచ్చిపెడుతుంది.

ప్రశ్న: అమ్మకు శుక్లం ఆపరేషన్. హాస్పిటల్‌లో నాలుగు రకాల లెన్స్‌లు చూపించారు, విదేశీ లెన్స్ అయితే నాలుగైదు రెట్లు ఎక్కువ. నేను డాలస్‌లో ఉంటాను, డబ్బు గురించి ఆలోచించొద్దు, అన్నిటికంటే ఖరీదైనది పెట్టమన్నాను. సరైనదేనా?

జవాబు: ఖరీదు చూసి కాదు, మీ అమ్మగారి కన్ను చూసి ఎంచుకోండి. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే కళ్ల డాక్టర్ మొదటిసారి కంట్లో లెన్స్ పెట్టినప్పటి నుంచి చాలా ఏళ్లు అది డబ్బున్నవాళ్ల వైద్యమే. 1992లో మదురై అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ల ఆరోల్యాబ్ మొదలై మన దగ్గరే తక్కువ ధరలో లెన్స్‌లు తయారయ్యాకే మామూలు మనిషికి అందింది. ఇక్కడ తయారైందని నాసి అనుకోకండి, ఆ లెన్స్‌లు చాలా దేశాలకు ఎగుమతి అవుతున్నాయి. మామూలు మోనోఫోకల్ లెన్స్ దూరపు చూపు చక్కగా ఇస్తుంది, చదవడానికి అద్దాలు పెట్టుకోవాలి. మల్టీఫోకల్ పెడితే అద్దాల అవసరం చాలావరకు తగ్గుతుంది గానీ రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనపడటం, వెలుగునీడల తేడా (కాంట్రాస్ట్) సరిగా తెలియకపోవడం ఉంటాయి. అమ్మగారికి నీటికాసులు గానీ, కంటి వెనక తెర అయిన రెటీనాకు జబ్బు గానీ ఉంటే మల్టీఫోకల్ మామూలుగా వద్దంటాం. అందుకే లెన్స్ గురించి అడిగేముందు "రెటీనా, కంటి నరం ఎలా ఉన్నాయి?" అని అడగండి. కంటికి సిలిండర్ పవర్ ఎక్కువగా ఉంటే దాన్ని కూడా సరిచేసే టోరిక్ లెన్స్‌కు పెట్టే డబ్బు మాత్రం వృథా కాదు.

ఇంకో మాట, కొన్ని నెలలకో ఏళ్లకో మళ్లీ మసకగా ఉందంటే "పొర మళ్లీ వచ్చింది, చవక లెన్స్ పెట్టారు" అనుకోకండి. లెన్స్‌ను ఉంచిన సంచి వెనక గోడ కొందరిలో మసకబారుతుంది, యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు.

ప్రశ్న: నాకు 52. నాన్నగారికి నీటికాసులతో ఒక కన్ను పూర్తిగా, రెండోది చాలావరకు పోయింది. మొన్న కళ్లద్దాల కోసం వెళితే నా కంటి ప్రెషర్ 26 ఉందన్నారు, పరీక్షలన్నీ చేసి నరం కొద్దిగా దెబ్బతిందని రాత్రిపూట వేసుకునే చుక్కలు ఇచ్చారు. నాకు బోర్డు మీద ఆఖరి వరుస దాకా స్పష్టంగా కనిపిస్తోంది, ఏ నొప్పీ లేదు. చుక్కలు వేసుకున్నా ఏ తేడా తెలియడం లేదు. జీవితాంతం వేసుకోవాలా? మధ్యలో ఆపి చూడొచ్చా?
ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఆపకండమ్మా. ఈ ఉత్తరానికి కొంచెం పెద్దగా జవాబు రాస్తాను.

మా పెదనాన్న చాలా చురుకైన మనిషి. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆయన ఇంట్లో నడుస్తుంటే ఎడమ భుజం గుమ్మానికి తగిలేది. దారిలో పెట్టిన బిందెను తన్నుకునేవాడు. వడ్డించేటప్పుడు పళ్లెం పక్కన పెట్టిన గ్లాసు చేత్తో దొర్లించేవాడు. "చూసుకుని నడవకూడదూ" అని పెద్దమ్మ విసుక్కునేది, మేమందరం పరధ్యానం అనుకునేవాళ్లం. ఆయన మాత్రం రోజూ పేపరు అచ్చుతప్పులతో సహా చదివేవాడు, సూదిలో దారం ఎక్కించేవాడు, కాబట్టి కళ్లకు ఏదో అయిందని ఎవరికి తోస్తుంది? ఆయన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేసరికి ఒక కన్ను పోయింది, రెండో కంటికి గొట్టంలోంచి చూస్తున్నంత మేరే మిగిలింది. నేను కళ్ల డాక్టర్ అవ్వాలనుకోవడానికి కారణం ఆ గుమ్మమే.

నీటికాసులంటే ఏమిటంటే, కంటి లోపల ఒక నీరు నిరంతరం ఊరుతూ, ఒక మూలనుంచి బయటికి పోతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు. ఆ పోయే దారి మొరాయిస్తే లోపల ప్రెషర్ పెరిగి, కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాన్ని నలిపేస్తుంది. ఆ నరం పక్క చూపును ముందు వదులుకుంటుంది, నడిమి చూపును ఆఖరి దాకా కాపాడుకుంటుంది. అందుకే మీకు బోర్డు మీద ఆఖరి వరుస కనిపిస్తోంది. రెండు కళ్లూ తెరిచి ఉన్నప్పుడు ఒక కంటిలో లోపాన్ని ఇంకో కన్ను పూడ్చేస్తుంది, మెదడు ఖాళీలను నింపేస్తుంది, కాబట్టి మనిషికి నల్ల మచ్చ కూడా కనపడదు. తెలిసేసరికి చాలా నరం పోయి ఉంటుంది, పోయిన నరాన్ని తిరిగి తెచ్చే మందు గానీ ఆపరేషన్ గానీ ఇవాళ్టికి లేదు.

చుక్కలు వేసుకుంటే తేడా తెలియడం లేదని మీరు రాశారు. తెలియదు. అది చూపు పెంచే మందు కాదు, ఉన్న చూపు జారిపోకుండా పట్టి ఉంచే మందు. ఐదేళ్ల తర్వాత కూడా ఇవాళ కనిపిస్తున్నట్టే కనిపిస్తే మందు పనిచేసినట్టు. ప్రెషర్ సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది, కానీ ఈ అంకె ఒక్కటే చూసి ధైర్యపడలేం, 17 ఉన్నా నరం దెబ్బతినేవాళ్లు ఉన్నారు, 24 ఉన్నా ఏమీ కానివాళ్లూ ఉన్నారు. మీకు నరం దెబ్బతిందని తేలింది, నాన్నగారికి ఉంది, కాబట్టి సందేహం లేదు. డాక్టర్ చెప్పినప్పుడల్లా పక్క చూపును కొలిచే ఫీల్డ్ టెస్ట్, నరం స్కాన్ చేయించుకుని పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో ఉంచుకోండి, పోల్చి చూడటంలోనే అసలు విషయం ఉంది.

చుక్క వేసుకోవడం కూడా చాలామందికి ఎవరూ నేర్పరు. కింది రెప్పను కొద్దిగా లాగి ఆ జేబులాంటి చోట ఒక్క చుక్క వేయండి, రెండు మూడు వేస్తే మిగిలింది చెంప మీదికే. కన్ను మూసి ముక్కు పక్క మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టండి, మందు గొంతులోకి, రక్తంలోకి పోకుండా ఉంటుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు పది నిమిషాలు ఆగండి. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాసుకోండి, చాలా చుక్కలు తెరిచిన నెల తర్వాత పారేయాలి. ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి, ఎందుకంటే టిమొలాల్ అనే చుక్కలు ఆయాసాన్ని ప్రమాదకరంగా పెంచగలవు. కంట్లో వేసే మందు ఊపిరితిత్తులకు ఎలా వెళ్తుందని అడుగుతారు, ఇందాక చెప్పిన ముక్కు దారినే. రాత్రిపూట వేసే లటానోప్రోస్ట్ లాంటి వాటితో కనురెప్పల వెంట్రుకలు పొడవవుతాయి, కొద్దిగా ఎరుపు ఉండొచ్చు. భయపడి ఆపేయకండి, ఇబ్బందిగా ఉంటే డాక్టర్‌కు చెప్పి మార్పించుకోండి. చుక్కలతో అదుపు కాకపోతే లేజర్, లోపలి నీటికి కొత్త దారి చేసే ట్రాబెక్యులెక్టమీ అనే ఆపరేషన్ ఉన్నాయి.

మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఈ నెలలోనే చూపించుకోవాలి. దగ్గరి రక్తసంబంధంలో ఉన్నవాళ్లకు రావడం మామూలు కంటే చాలా ఎక్కువ. 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో పదివేలమందికి పైగా కళ్లు పరీక్షించి ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు ఒక పెద్ద అధ్యయనం చేశారు. అందులో నీటికాసులు బయటపడ్డవాళ్లలో చాలామందికి ఆ పరీక్ష చేసేదాకా తమకు ఆ జబ్బు ఉందనే తెలియదు.

ప్రశ్న: మా అమ్మమ్మకు రాత్రి విపరీతమైన తలనొప్పి, వాంతులు. గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ వేయించాం. రెండో రోజుకు ఒక కన్ను ఎర్రగా అయి చూపు మందగించింది, అప్పుడు కంటి డాక్టర్ నీటికాసులన్నారు. మందులతో తగ్గాక లేజర్ చేశారు. ఇప్పుడు బాగున్న రెండో కంటికీ లేజర్ చేయాలంటున్నారు. బాగున్నదాన్ని ఎందుకు కదపడం?
శ్రీకాకుళం నుంచి ఒక మనవడు

జవాబు: చేయించండి, ఆలస్యం చేయకండి. తెనాలి ఆవిడకు రాసింది నెమ్మదిగా వచ్చే రకం. అమ్మమ్మగారిది నీరు పోయే మూల ఒక్కసారిగా మూసుకుపోయే రకం, గంటల్లో ప్రెషర్ 50, 60 దాకా కూడా పోతుంది. కన్ను కొంచెం చిన్నగా ఉండి, వయసుతో లెన్స్ లావెక్కి ఆ మూల ఇరుకైపోయినవాళ్లలో వస్తుంది, ఆడవాళ్లలో ఎక్కువ. ఒక కంట్లో ఆ మూల ఇరుకుగా ఉంటే రెండో కంట్లోనూ దాదాపు అలాగే ఉంటుంది, ఏ రాత్రైనా ఇదే జరగొచ్చు. కంటిపాప చుట్టూ ఉన్న పొరకు లేజర్‌తో చిన్న కన్నం పెడితే నీటికి ఇంకో దారి దొరుకుతుంది, నిమిషాల పని.

మీరు గ్యాస్ అనుకోవడం మీ తప్పు కాదు, వాంతులు అంత బలంగా ఉంటాయి కాబట్టి డాక్టర్లు కూడా పొరబడతారు. ఇంట్లో పెద్దవాళ్లకు ఒకవైపు తలనొప్పి, వాంతులు వస్తే మాత్రం లైటు వేసి కళ్లలోకి చూడండి. ఎర్రగా ఉందా, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనపడుతున్నాయా అని అడగండి. ఉంటే ఆ రాత్రికే కంటి ఆసుపత్రికి.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని, వయసు 74. మూడేళ్ల కిందట రెండు కళ్లకూ శుక్లాలు తీయించుకున్నాను, చక్కగా చదువుకుంటున్నాను. రెండు వారాలుగా పేపర్లో గీతలు వంకరగా, అక్షరాల మధ్యలో తుడిచేసినట్టు ఉంది. కళ్లద్దాల షాపులో నంబరు మార్చారు, లాభం లేదు. కొత్త పవర్‌కు అలవాటు పడాలంటున్నారు.
అనంతపురం

జవాబు: మాస్టారూ, ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి మీరు రెటీనా డాక్టర్‌ను చూసి ఉండాలని కోరుకుంటున్నాను. మీ ఉత్తరం అందగానే విడిగా జాబు కూడా రాశాను. ఇది అద్దాల సమస్య కాదు. సరళరేఖ వంగి కనపడటం, చూపు నడిమధ్యన మచ్చ, ఈ రెండూ కలిస్తే రెటీనాలో మాక్యులా అనే నడిమి భాగం దెబ్బతింటోందని ముందు అనుమానించాలి. శుక్లం తీసినా తీయకపోయినా ఇది రావచ్చు, ఎందుకంటే శుక్లం కెమెరా ముందున్న అద్దం సంగతి, ఇది వెనక ఉన్న ఫిల్ము సంగతి.

ఇందులో రెండు రకాలు. పొడి రకంలో ఏళ్ల తరబడి నెమ్మదిగా నడిమి చూపు పలచబడుతుంది. తడి రకంలో మాక్యులా కింద పనికిరాని కొత్త రక్తనాళాలు మొలిచి నీరు, రక్తం కారుస్తాయి, గీతలు ఉన్నట్టుండి వంగుతాయి, మీరు రాసింది దీనికే దగ్గరగా ఉంది. తడి రకానికే వేగంగా చూపు తీసే గుణం ఉంది, దానికే మంచి వైద్యమూ ఉంది. ఓసీటీ స్కాన్ అని ఒకటి తీస్తారు, నొప్పి లేని పరీక్ష, మాక్యులాను పొరపొరలుగా చూపిస్తుంది. తడి రకం అని తేలితే కంట్లో ఇంజెక్షన్ ఇస్తారు.

కంట్లో ఇంజెక్షన్ అనగానే పేషెంట్ల ముఖం పాలిపోవడం నేను రోజూ చూస్తాను. మత్తు చుక్కలు వేశాక, పక్కన ఉన్న తెల్లగుడ్డులోంచి, చాలా సన్నని సూదితో, సూది లోపల ఉండేది కొద్ది సెకన్లు. నొక్కినట్టు ఉంటుంది. మొదట నెలకొకటి చొప్పున సాధారణంగా మూడు, ఆ తర్వాత స్కాన్ చూసి ఎడం పెంచుతూ పోతారు. ఒక్కటి వేయించుకుని చూపు మెరుగవగానే మానేసేవాళ్లు చాలామంది, నాళాలు మళ్లీ కారడం మొదలుపెడతాయి. ఖర్చుకు భయపడి ఆగకండి. ఈ మందుల్లో ధరలు చాలా తేడాగా ఉంటాయి, మొదట క్యాన్సర్‌కు తయారైన బెవాసిజుమాబ్‌ను కంటికి వాడితే ఖర్చు బాగా తగ్గుతుంది, ప్రపంచమంతా వాడుతున్నారు, డాక్టర్‌తో డబ్బు విషయం మొహమాటం లేకుండా మాట్లాడండి.

మిగతా పాఠకులకు కూడా చెబుతున్నాను, ఇంట్లోనే వారానికోసారి ఒక పని చేయండి. చదివే అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను అరచేత్తో మూసి, చదరపు గళ్లున్న లెక్కల నోటుపుస్తకం కాగితం మధ్యలో చుక్క పెట్టి దాన్నే చూడండి. చుట్టూ ఉన్న గీతలు వంగుతున్నాయా, ఎక్కడైనా గళ్లు మాయమవుతున్నాయా? తర్వాత రెండో కన్ను. కళ్ల డాక్టర్లు ఆమ్స్‌లర్ చార్టు అని ఇచ్చేది ఇలాంటిదే. కిటికీ ఊచలు, బాత్రూం టైల్స్ కూడా పనికొస్తాయి. రెండు కళ్లతో కలిపి చూస్తే మాత్రం ఏమీ బయటపడదు, ఒక్కో కన్ను విడిగా చూడాలి.

పొడి రకానికి జబ్బును వెనక్కి తిప్పే మందు లేదు. మధ్యస్థ దశలో ఉన్నవాళ్లకు ల్యూటీన్, జియాజాంథిన్, జింక్, రాగి, విటమిన్ సి, ఇ కలిసిన మాత్రలు జబ్బు ముదరడాన్ని కొంత నెమ్మదిస్తాయని అమెరికాలో పెద్ద పరిశోధనల్లో తేలింది. అందరూ వేసుకోవాల్సినవి కావు, మొదటి దశలో ఉన్నవాళ్లకు వాటితో లాభం కనపడలేదు. మెడికల్ షాపులో "కంటి విటమిన్లు" అని అడిగి తెచ్చుకునేవాళ్లకు ఈ మాట. చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటుంటే ఏ మాత్రకన్నా ముందు అది మానాలి, మన చేతిలో ఉన్నవాటిలో ఈ జబ్బును పెంచేది అన్నిటికంటే అదే.

ప్రశ్న: షుగర్ వచ్చి 14 ఏళ్లు. చూపు బాగానే ఉంది. ఏటా రెటీనా పరీక్ష అవసరమా?

జవాబు: చూపు బాగున్నప్పుడే అవసరం. షుగర్ వల్ల రెటీనాలో రక్తనాళాలు చెడటం మాక్యులాకు తాకేదాకా మనిషికి తెలియదు. ఆ లోపు పట్టుకుంటే లేజర్‌తో, ఇంజెక్షన్లతో చాలావరకు నిలబెట్టవచ్చు, లోపల రక్తం కమ్మేశాక వస్తే పెద్ద ఆపరేషన్. ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేసి చూపించుకోండి, బీపీ కూడా అదుపులో పెట్టుకోండి.

ప్రశ్న: వయసు 61. నాలుగు రోజులుగా కుడి కంటి ముందు ఈగలు ఎగిరినట్టు నల్ల చుక్కలు, చీకట్లో పక్కనుంచి మెరుపులు. నొప్పి లేదు. వారం ఆగి చూడనా?

జవాబు: ఆగకండి, ఇవాళే వెళ్లండి. కంటి లోపల నింపి ఉన్న జెల్లీ వయసుతో కుంచించుకుని రెటీనా నుంచి విడిపోవడం చాలామందికి జరిగేదే, ఎక్కువమందికి ఏ హానీ చేయదు. కానీ విడిపోతూ కొందరిలో రెటీనాను చింపుతుంది. చిరుగు దగ్గరే దొరికితే చుట్టూ లేజర్ వేసి ఆపేస్తారు. దాటిపోతే దాని కిందికి నీరు చేరి రెటీనా గోడ నుంచి సున్నం పెచ్చులా ఊడొస్తుంది, అప్పుడు ఒక పక్కనుంచి తెర దించినట్టు చీకటి కమ్ముతుంది. హ్రస్వదృష్టి, అంటే మైనస్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్లు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లు ఇంకా జాగ్రత్త.

ప్రశ్న: తేనె, ఉల్లిరసం, ఆముదం కంట్లో వేస్తే చూపు పెరుగుతుందని వాట్సాప్‌లో వస్తోంది.

జవాబు: పెరగదు. మంట పుట్టి నీరు కారితే "చెడు నీరు పోయింది" అనుకుంటారు. వంటింటి నుంచి కంట్లోకి పోయిన క్రిములతో కార్నియా మీద పుండు పడి, తెల్ల మచ్చ మిగిలి, చూపు పోయినవాళ్లున్నారు. దయచేసి వేయకండి, ఆ మెసేజ్ ఇంకొకరికి పంపకండి.

ప్రశ్న: నేను బెంగళూరులో, అమ్మానాన్న కర్నూలు దగ్గర ఊళ్లో. ఇద్దరికీ 65 దాటాయి. కంటి క్యాంపులో అద్దాలు ఇచ్చారు, అన్నీ చూసినట్టేనా? ఎక్కడికి తీసుకెళ్లాలి, ఏం అడగాలి?

జవాబు: క్యాంపులు చాలా మంచి పని చేస్తున్నాయి. 2018 ఆగస్టు 15న తెలంగాణలో కంటి వెలుగు మొదలైంది, 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే పేరుతో పథకం వచ్చింది, అద్దాలు లేక ఏళ్లుగా మసకగా బతికిన ఎంతోమందికి చూపు దొరికింది. అయితే అద్దాల పరీక్ష వేరు, కంటి లోపలి పరీక్ష వేరు. మీరు అడగాల్సినవి మూడు: ఒక్కో కంటి చూపు విడివిడిగా, కంటి ప్రెషర్, కంటిపాప పెద్దది చేసి రెటీనా, నరం చూడటం. ఈ మూడూ అయితేనే అన్నీ చూసినట్టు.

మీకు కర్నూలులోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. విశాఖపట్నంలో కూడా అలాంటిది ఉంది, హైదరాబాద్ వైపువాళ్లకు మెహదీపట్నంలో సరోజినీదేవి. ఎల్.వి.ప్రసాద్ వాళ్లు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టి ఇప్పుడు రెండు రాష్ట్రాల పల్లెల్లోనూ విజన్ సెంటర్లు నడుపుతున్నారు, డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగా చేస్తారు. ఏది దగ్గరైతే అది, దూరమని వాయిదా వేయడమే పెద్ద నష్టం.

మీరు ఒక రోజు సెలవు పెట్టి వెంట వెళ్లండి. ఇద్దరివీ పాత అద్దాలు, బీపీ షుగర్ మాత్రల చీటీలు, పాత కంటి రిపోర్టులు ఏవి ఉన్నా ఒక సంచిలో వేసుకోండి. వాళ్ల అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా చూపు పోయిందా అని ముందురోజు రాత్రే అడిగి తెలుసుకోండి, డాక్టర్ ముందు హడావిడిలో గుర్తురాదు. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు వెలుతురు చూడలేరు, దగ్గరి అక్షరాలు కనపడవు, కాబట్టి నాన్నగారిని బండి నడపనివ్వకండి, ఇద్దరికీ నల్ల కళ్లద్దాలు తీసుకెళ్లండి. మధ్యాహ్నం ఎండలో బస్సు ఎక్కించేటప్పుడు మెట్టు దగ్గర చెయ్యి పట్టుకోండి.